పావురాయి రంగు సైకిలుతో మంచిర్యాలకు

మంగళవారం ఉదయం ఆరూ ముప్పావుకు మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందు ఆటో ఎక్కాను. పాత బొంతలతో కుట్టిన సంచిలో సైకిలు ఫ్రేము, నా ఒళ్ళో అడ్డంగా. రెండు చక్రాలు ఇంకో సంచిలో, కాళ్ళ దగ్గర. దేవుడి దగ్గర దీపంలో నూనె ఎంతసేపు వస్తుందో అని ఒక ఆలోచన, పెడళ్ళు పెట్టుకున్నానా లేదా అని మరో ఆలోచన. మా ఆయన గేటు పట్టుకొని నిలబడి, "సైకిల్ తీస్కొని పోతున్నవ్. ఒట్టి చేతుల్తోని వస్తవేమో చూస్కో," అన్నారు.

"ఆయనదైతే ఇచ్చేసి వస్తా అని చెప్పిన కదండీ."

"చెప్పినవ్. అద్దంల మొఖం చూస్కొని చెప్పలే."

ఆ మాట స్టేషన్ దాకా నా వెంటే వచ్చింది.

ఈ ప్రయాణం ఎందుకో ముందు చెప్పాలి. నేను పాత రేసు సైకిళ్ళు సేకరించి బాగుచేస్తాను. ఉక్కువి మాత్రమే. ఇప్పటి రేసు సైకిళ్ళు వేరే లోహాలతో వస్తున్నాయి. వాటి పని నాకు తెలియదు. పాతవాటిలో సన్నని ఉక్కు గొట్టాలు కలిసే చోట లగ్గులని చిన్న తొడుగులు ఉంటాయి. వాటిని ఎవరో ఒకరు ఆకురాయితో గంటలకొద్దీ పలచగా అరగదీసి ఉంటారు. ఆ అంచుల మీద వేలు పోనిస్తే, ఎక్కడో ఏ దేశంలోనో కూర్చుని పనిచేసిన ఆ మనిషి ఓపిక తెలుస్తుంది. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న పట్టాల పనిలో ఊరూరా తిరిగేవాడు. అమ్మే గుడారంలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. సైకిలు పని పెళ్ళయ్యాక మా మామయ్య నేర్పారు. ఆయనది సైకిల్ షాపు. కోడలికి స్పానర్ ఇచ్చిన మామ అని ఆ రోజుల్లో వీధిలో నవ్వుకునేవారు. చదువైనా పనైనా నాకు ఇంట్లోనే దొరికాయి. పొద్దున దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ ఇద్దరి పేర్లూ తలుచుకుంటాను.

ఈ సైకిలు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనుక దొరికింది. వెనుక పెద్ద క్యారియర్ బిగించి పాలకూర మూటలు మోయిస్తున్నారు. పైన చేతికందిన ఆకుపచ్చ రంగు. అయినా లగ్గుల అంచులు చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ వ్యాపారికి కొత్త సైకిలు కొనిచ్చి దీన్ని తెచ్చుకున్నాను. బాగుచేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. రంగు తీయడానికి నేను యాసిడ్ వాడను. అది లగ్గుల లోపలికి పోయి కూర్చుంటుంది. గాజు పెంకుతో, బ్లేడుతో చేత్తోనే గీకుతాను. ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ళ ఊడదీస్తే, దాని కింద గోరంత చోట అసలు రంగు బతికి ఉంది. పావురాయి మెడ మీద ఉండే రంగు. ఆ గోరంతను చూసి రంగు కలిపించి, దుమ్ము పడకుండా గదిలో తడి దుప్పట్లు కట్టి, ఫ్రేమంతా ఆ రంగే వేశాను. పైన మెరుగు పూత. అంతకంటే మంచి పని నా చేత్తో జరగలేదు.

పాత సైకిళ్ళ వాళ్ళం కొందరం ఫోనులో ఫొటోలు పంచుకుంటాం. బాగుచేయకముందు తీసిన ఫొటో ఒకటి ఎలా చేరిందో మంచిర్యాలకు చేరింది. స్వరూప అనే ఆమె ఫోను చేసింది. "అక్కా, మా బాపు రేసుల తొక్కిన సైకిల్ గిట్లనే ఉంటుండె. దోస్తుకు ఇచ్చిండు. ఆ దోస్తు ఊరు ఇడిచి పోయిండు, సైకిల్ గూడ పోయింది. జెర చూపిస్తవా?" అంది. వాళ్ళ నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్ళట. మోకాళ్ళు బాగా లేక ఇంత దూరం రాలేరట. ఫ్రేము నంబరు తుప్పు తినేసింది కాబట్టి నంబరుతో తేల్చే వీలు లేదు. చూసి చెప్పవలసింది ఆయనే. ఆయనదైతే ఇచ్చి వస్తానని మాట ఇచ్చాను.

సికింద్రాబాద్‌లో బండి ఎనిమిది దాటాక. రిజర్వేషన్ సీటు ముందే చేయించుకున్నాను. సైకిలుతో వెళ్ళేవారికి ఒక మాట: పెట్టెలో చివరి వరుస అడగండి. సీటు వెనుక, తలుపు పక్క గోడకు మధ్య విప్పిన ఫ్రేము నిలబడేంత చోటు ఉంటుంది. గేరు వైపు పైకి రావాలి. చక్రాలు ఒళ్ళో పెట్టుకోవలసిందే.

ఎదురుగా జనగామకు వెళ్తున్న ఒక పెద్దావిడ కూర్చుంది. బండి కదలకముందే అడిగింది.

"ఏందమ్మా గది? అప్పడాలా?"

"సైకిల్ చక్రాలమ్మా."

"మరి సైకిల్?"

"వెనక సంచిల ఉంది."

"అది నిన్ను ఎక్కించుకపోవాలె గాని, నువ్వు దాన్ని రైలెక్కిస్తున్నవా!" అని పక్కవాళ్ళకు కూడా వినబడేలా నవ్వింది. తరువాత సంచి మూతి విప్పి చూపించమంది. పావురాయి రంగు మీద కిటికీ వెలుగు పడగానే నవ్వు ఆపేసి, "అబ్బ, దేవుని పల్లకి లెక్కుంది," అంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషం వెనుకే భయమూ వచ్చింది.

కాజీపేటలో పది నిమిషాలు ఆగింది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్మా తిన్నాను. స్టేషన్ టీ వేడిగా ఉంది, బాగుంది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం. రామగుండం దాటితే గోదావరి. నేను ప్రయాణం మొదలైనప్పటి నుంచీ పెదవుల మీదే స్వామి దండకం చదువుకుంటున్నాను. వంతెన దగ్గరపడుతుంటే ఒకటి గమనించాను. నోటితో దండకం నడుస్తోంది కానీ లోపల నేను కోరుతున్నది వేరు: 'స్వామీ, ఇది ఆయనది కాకుండా చూడు.' పద్నాలుగు నెలలు భక్తితో పని చేశానని అనుకున్నదాన్ని, ఒక ముసలాయన వస్తువు ఆయనది కాకూడదని దేవుణ్ణి అడుగుతున్నాను. మా ఆయన అద్దం మాట ఇప్పుడు అర్థమైంది. నీళ్ళ వైపు చేతులు జోడించి, "ఎవరిదైతే వాళ్ళకే చేరనీ," అన్నాను. పైకే అన్నాను. పక్క సీటు కుర్రజంట నా వైపు చూసి మళ్ళీ ఫోన్లలో పడ్డారు.

పన్నెండున్నర దాటాక మంచిర్యాల. స్వరూప స్కూటీ మీద వచ్చింది. బట్టలు కుట్టే షాపు ఉందట, సాయంత్రం దాకా మూసి వచ్చింది. సైకిలు, నేను ఆటోలో. ఆమె ముందు దారి చూపిస్తూ. ఆటో అతను వంద రూపాయలు అడిగాడు, ఇచ్చాను. పావుగంటలో పాత గని క్వార్టర్ల పక్క వీధిలో దిగాం.

స్వరూప నాన్న రాజలింగు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి. పిక్కలు మాత్రం ఇప్పటికీ రేసు తొక్కినవాడివే. గనిలో పని చేసి రిటైరయ్యారు. "వచ్చినవా బిడ్డా, ముందుగాల నీళ్ళు తాగు," అన్నారు గానీ కళ్ళు సంచి మీదే ఉన్నాయి. నీళ్ళు తాగి వాకిట్లో గోనెపట్టా పరిచి బిగించడం మొదలుపెట్టాను. చక్రాలు, హ్యాండిల్, పెడళ్ళు, చైను. ఎడమ పెడల్ మర ఎడమకు తిరుగుతుంది కదా; అది నేను తడుముకోకుండా తిప్పితే ఆయన తల ఊపారు. ఇరవై నిమిషాలు పట్టింది. నిలబెట్టి, తుడిచి, పక్కకు తప్పుకున్నాను.

ఆయన లేచి వచ్చి చుట్టూ తిరిగారు. పై గొట్టం కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తి చూశారు. సీటు ఒత్తారు. తరువాత వెనక్కి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు.

"మంచిగున్నది బిడ్డా. శానా మంచిగ చేసినవ్. గాని ఇది నాది కాదు."

"సరిగ్గ చూడు బాపూ," అంది స్వరూప.

"చూసిన. బరువు అట్లనే ఉన్నది. నాది గీ రంగు కాదు. గీ రంగు నేనెన్నడు చూడలే."

నా గుండె మీంచి ఒక బరువు దిగింది. అది సంతోషమే. దాచిపెట్టి రాయడం దేనికి. కోరకూడదనుకున్నది దొరికితే మనిషికి ఎలా ఉంటుందో అలాగే ఉంది. స్వరూప మొఖం చూస్తే మాత్రం తలెత్తలేకపోయాను. "పో, అన్నం పెట్టు, దూరం నుంచి వచ్చింది," అన్నారు ఆయన. జొన్నరొట్టె, వంకాయ కూర, పప్పుచారు. ఆ ఇంటి వంకాయ కూర రుచి ఇంకా నాలుక మీద ఉంది. అది తింటూ, సాయంత్రం బండిలో సైకిలు మళ్ళీ చివరి సీటు వెనుక పడుతుందా అని లెక్క వేసుకుంటున్నాను.

గోడ మీద రాజలింగు గారి భార్య ఫొటో ఉంది, దండతో. నేను చూస్తుంటే ఆయన, "మా లచ్చవ్వ. ఆమెనే నా సైకిల్‌కు రంగేసింది," అన్నారు.

"ఏం రంగు పెద్దనాయనా?"

"ఎరుపు. నేను కొన్ననాడు అది నీలం. రేసుల అందరు తెల్లారక ముందు మబ్బుల్నే షురూ చేస్తరు, అందరి సైకిళ్ళు ఒక్క తీరుగనే అగుపడ్తయి. ఎర్రగుంటే దూరంకెంచి కనబడ్తవు అన్నది. దుకాణంల డబ్బా తెచ్చి ఆమెనే పూసింది."

ఆ ఎరుపు నాకు తెలుసు. ఊరుకోవచ్చు అని ఒక్క క్షణం అనిపించింది. ఊరుకుంటే సైకిలు నాది. ఆ క్షణం ఉందని ఒప్పుకుంటున్నాను.

"పెద్దనాయనా, ఈ పావురాయి రంగు నేను వేసిందే. ఇది కంపెనీలో పుట్టినప్పటి రంగు. దీని మీద ఉన్నవన్నీ నేనే గీకి తీసేసిన," అన్నాను.

ఆయన తింటున్న చెయ్యి కంచంలోనే పెట్టి నా వైపు తిరిగారు. "ఏమేం ఉండె?"

చేత్తో గీకినదాన్ని కాబట్టి వరస నాకు కంఠతా వచ్చు. "అన్నిటికంటె పైన ఆకుపచ్చ. అది కూరగాయలాయన వేసింది. దాని కింద నలుపు. నలుపు కింద ఎరుపు. ఎరుపు కింద నీలం. నీలం కింద ఒట్టి ఉక్కు."

"ఎరుపు ఎట్లుండె?"

"మందంగ. బ్రష్‌తో వేసింది. పై గొట్టం కింద చుక్కలు కారి గట్టిపడి ఉండె."

"పోసినట్టే పూసింది మరి!" అని స్వరూప వైపు చూసి నవ్వారు. మళ్ళీ నా వైపు తిరిగి, ఈసారి మెల్లగా అడిగారు. "అంతట ఉండెనా ఎరుపు?"

"లేదు. చైను పక్క, వెనక చక్రానికి పోయే కింది గొట్టం మీద లేదు. అక్కడ నలుపు తీస్తే సీదా నీలమే వచ్చింది. ఎందుకో అనుకున్న."

ఆయన తలెత్తి గోడ మీది ఫొటో వైపు చూశారు. 

"డబ్బ అయిపోయింది," అన్నారు. "ఇంకోటి తెస్త అన్న. చైను పక్క ఎవడు చూస్తడయ్యా, పో, రేసు టైమయితుంది అన్నది. నాకు, ఆమెకు దప్ప ఎవ్వరికి తెల్వదు ఆ ముచ్చట."

నేను కంచం ముందే రెండు చేతులూ జోడించాను. ఎడమ చెయ్యి శుభ్రంగా, కుడి చెయ్యి వంకాయ కూరతో. "క్షమించు పెద్దనాయనా. ఆమె వేసిన రంగు అంతా గీకి పారేసిన. పెంకులు ఊడ్చి చెత్తల పోసిన," అన్నాను. పాత వస్తువు మీద పడినదంతా మురికే అనుకుని తీయడం మా పనిలో పెద్ద తప్పు. మొదటి రోజుకు తీసుకుపోతే అదే శుద్ధి అనుకుంటాం. నేను ఆ సైకిలును రాజలింగు గారు పరిచయం కాకముందుకు తీసుకుపోయాను. ఆయన ఎలా గుర్తుపడతారు?

"ఏడుస్తవేందమ్మా," అన్నారు ఆయన. "ఆ పచ్చరంగుతోని తెచ్చి నిలబెడితే గూడ నాది కాదనే అందును. లోపల ఎర్రగున్నదని నాకెట్ల తెలుస్తది? నువ్వు గీకినవ్ గనుకనే చూసినవ్. చూసినవ్ గనుకనే జెప్పినవ్. లచ్చవ్వ పూసింది నేనెల్లిపోయినంక గూడ ఒక్కలకు తెలుస్తది." చెయ్యి కడుక్కుని లేచారు. "పా, బయటికి పోదాం."

"బాపూ, ఎక్కకు! మోకాళ్ళు," అని స్వరూప వెనకే పరుగెత్తింది.

"ఎక్కుత అన్ననా?"

ఎక్కలేదు. సీటు మీద ఒక్క చెయ్యి వేశారంతే. హ్యాండిల్ ముట్టుకోకుండా, సీటు పట్టుకొని నడిపించారు. రేసు తొక్కినవాళ్ళు సైకిలును అలాగే నడుపుతారు. నాకు పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ కుదరలేదు, పది అడుగులకే పక్కకు తిరిగిపోయేది. ఆయనకు వీధి చివర దాకా నిటారుగా వెళ్ళి, వంచిన చోట వంగి, తిరిగి వచ్చింది. ఎదురింటి ఆయన గోడ మీంచి తొంగి చూసి, "ఏం రాజలింగన్నా, పెండ్లికొడుకు లెక్క నడుస్తున్నవ్!" అన్నాడు. "నీకు కండ్లు మండుతున్నయా?" అన్నారు ఈయన ఆగకుండానే.

నేను చెప్పవలసింది అప్పుడు సులువుగానే చెప్పగలిగాను. "ఇది మీదే పెద్దనాయనా. ఉంచుకోండి."

నేను పెట్టిన ఖర్చు ఇస్తానన్నారు. వద్దన్నాను. ఆయన పట్టుబట్టారు. చివరకు స్వరూప కొలతలు తీసుకొని నాకు రెండు జాకెట్లు కుట్టి పంపేటట్టు కుదిరింది. బేరం మా ఇద్దరికీ నచ్చింది.

తిరుగు బండి నాలుగు దాటాక. స్వరూప స్టేషన్ దాకా దింపి, జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చింది. మళ్ళీ గోదావరి వచ్చింది. ఈసారి అడగడానికి ఏమీ లేదు కాబట్టి ఊరికే చూశాను. ఎండ వాలిన నీళ్ళు చాలా అందంగా ఉన్నాయి. ఒట్టి బొంత సంచులు మడిచి నడుము వెనుక పెట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. మా ఆయనకు ఫోను చేసి, "ఒట్టి చేతుల్తోనే వస్తున్న," అన్నాను. ఆయన ఏడిపిస్తారనుకున్నాను. "అన్నం వండి పెడ్త, మెల్లగ రా," అన్నారు.

కాజీపేట దాటాక స్వరూప ఫోను. గొంతు బెదురుగా ఉంది.

"అక్కా, ఏమనుకోకు. బాపు ఎర్ర రంగు డబ్బా తెమ్మంటున్నడు. బ్రష్ సుత తీసి కూసున్నడు. వద్దంటే ఇనట్లేదు. అక్క పద్నాలుగు నెలలు చేసింది బాపూ అంటే, నాకు తెల్వదా అంటడు. ఏం జెయ్యాలె?"

కిటికీ బయట పొలాలు వెనక్కి పోతున్నాయి. నా పావురాయి రంగు, తడి దుప్పట్ల మధ్య ఊపిరి బిగబట్టి వేసిన మెరుగు పూత, లగ్గుల చుట్టూ వెంట్రుకంత సన్నగా గీసిన గీతలు. ఒక్కసారి కళ్ళు మూసుకున్నాను. మెరుస్తున్న పూత మీద ఎనామిల్ రంగు పట్టదు. అలాగే పూస్తే నెలలో పెచ్చులూడుతుంది.

"స్వరూపా, రాసుకో," అన్నాను. "డబ్బాతో పాటు వాటర్ పేపర్ తే. నాలుగు వందల నంబర్. నీళ్ళల్ల నానబెట్టి అంతా రుద్దాలె, మెరుపు పోయేదాక. లగ్గుల అంచుల దగ్గర మెల్లగ, అక్కడ ఉక్కు పలచగ ఉంటది. పొడి బట్టతోని తుడిచి, ఒక దినం ఆరనిచ్చి, అప్పుడు వెయ్యమను."

"నీ మెరుగంతా నువ్వే రుద్దుమంటున్నవా? అయ్యో అక్కా, నీ రంగు పోతది కదా!"

"పోదు. కింద ఉంటది."

సిగ్నల్ తెగుతూ ఉంటే నాలుగు వందల నంబర్ అని రెండుసార్లు చెప్పాను. ఎదురు సీటు ఆయన, ఏ ఇంటికి రంగులు వేయిస్తున్నారమ్మా అని అడిగాడు. చెప్పుకొచ్చాను, జనగామ దాకా ఆ కథే సరిపోయింది. ఆయన నా రొట్టెల్లో సగం తీసుకున్నాడు.

ఇలాంటి మంగళవారం ఒకటి నాకు ఇచ్చినందుకు స్వామికి, అమ్మకు, మామయ్యకు, ఫొటోలోనే చూసిన లచ్చవ్వకు దణ్ణం. మీలో ఎవరైనా మంచిర్యాల వెళ్తే, స్టేషన్ నుంచి ఆటోలో పావుగంట, పాత గని క్వార్టర్ల పక్క వీధి. ఇంటి నంబరు అక్కరలేదు. మీరు వెళ్ళేసరికి అరుగుకు ఆనించి ఒక ఎర్ర సైకిలు ఉంటుంది. దూరం నుంచే కనబడుతుంది.